మాయలో ఖాళీగా కనిపించిన చోట్లు: నాళం లేదా, మందు చేరలేదా? ఒక కేస్ పూర్తిగా

కాన్పు అయ్యాక మాయలోకి కాంట్రాస్ట్, అంటే ఎక్స్‌రేలో నాళాలు కనిపించేలా చేసే మందు, ఎక్కించి మైక్రో సీటీ (చాలా సన్న వివరాలు చూపే ఎక్స్‌రే స్కాన్) తీస్తే రక్తనాళాల చెట్టంతా త్రీడీలో కనిపిస్తుంది, మొదటిసారి చూసినవాళ్ళు కళ్ళు తిప్పుకోలేరు, కానీ ఆ బొమ్మలో అక్కడక్కడా ఖాళీ జాగాలు ఉంటాయి, అసలు పనంతా అక్కడే ఉంది. ఆ ఖాళీలో నిజంగానే నాళాలు పెరగలేదా, లేక ఉండి కూడా మన మందు అక్కడిదాకా పోలేదా? రెండూ స్కాన్‌లో అచ్చం ఒకేలా కనిపిస్తాయి. మొదటిది జబ్బు, రెండోది ఇంజెక్షన్ సరిగ్గా పడకపోవడం. ఇది తేల్చకుండా "నాళాల వాల్యూమ్ ఇంత శాతం తగ్గింది" అని రాసేస్తే ఆ నంబర్‌ని నేను నమ్మను. ఈ కేస్ ఇంత వివరంగా రాస్తున్నది అందుకే, ఇందులో మూడు పెద్ద ఖాళీలు వచ్చాయి, మూడిటికీ కారణాలు వేరు.

ఆవిడకి అది మొదటి గర్భం. రాయడానికి అనుమతి ఇచ్చారు, గుర్తుపట్టేలాంటి వివరాలు మాత్రం ఏవీ పెట్టట్లేదు. 28 వారాల స్కాన్‌లో బిడ్డ అంచనా బరువు 3వ సెంటైల్ కంటే కిందే ఉంది, అంటే అదే వారాల వంద మంది బిడ్డల్లో అందరికంటే చిన్న ముగ్గురిలో, డాప్లర్‌లో (రక్తం కదలికని కొలిచే అల్ట్రాసౌండ్) రెండు వైపులా యుటిరైన్ ఆర్టరీ (గర్భసంచికి రక్తం తెచ్చే నాళం) పీఐ, అంటే రక్తానికి ఎదురయ్యే అడ్డుని చెప్పే అంకె, ఎక్కువ, అదే అడ్డుని చూపే గ్రాఫ్‌లోని నొక్కులు, నాచ్‌లు, స్పష్టంగా ఉన్నాయి, అంబిలికల్ ఆర్టరీలో (బొడ్డుతాడు ధమని) ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో లేదు, అంటే బిడ్డ గుండె కొట్టుకున్నప్పుడు మాయ వైపు వెళ్ళే రక్తం మళ్ళీ కొట్టుకునేలోపు మధ్యలో ఆగిపోతోంది. 32 వారాల లోపు ఇలా ఉంటే 2016 డెల్ఫీ కన్సెన్సస్ (నిపుణులు ఒప్పుకున్న నిర్వచనం) ప్రకారం ఎర్లీ ఎఫ్‌జీఆర్ (కడుపులో బిడ్డ ఎదుగుదల ముందే కుంటుపడడం) అనడానికి ఇంకేం అక్కర్లేదు. డక్టస్ వీనోసస్‌లో (బిడ్డ గుండెకి రక్తం చేర్చే చిన్న సిర) ఏ-వేవ్ బాగానే ఉంది, అంటే బిడ్డ గుండె ఇంకా తట్టుకుంటోంది, ఆవిడ బీపీ కూడా అప్పటికి నార్మలే, కాబట్టి అడ్మిట్ చేసుకుని దగ్గరుండి చూసుకోవడానికి కొంచెం వ్యవధి దొరికింది.

ఇక్కడ డాప్లర్ గురించి ఒక మాట చెప్పాలి. 1977లో డబ్లిన్‌లో ఫిట్జ్‌జెరాల్డ్, డ్రమ్ అనే ఇద్దరు బొడ్డుతాడులో రక్తం వేగాన్ని డాప్లర్‌తో వినొచ్చని చూపించారు, 1983లో క్యాంప్‌బెల్ బృందం తల్లి వైపు యుటిరైన్ నాళాలకి కూడా అదే చేసింది, అప్పటినుంచి ఎంతమంది బిడ్డల్ని ఈ పరీక్ష కాపాడిందో లెక్కే లేదు. కానీ బొడ్డుతాడు దగ్గర మనం చదివేది మొత్తం చెట్టు రెసిస్టెన్స్‌ని కలిపి ఒకే ఒక్క నంబర్‌గా. ఏ కొమ్మలో ఇబ్బంది ఉందో అది చెప్పదు, పైగా చిన్న నాళాల్లో దాదాపు మూడో వంతు పోతే గానీ ఆ నంబర్ గట్టిగా కదలదు. మాయలోకి నేరుగా కలర్ డాప్లర్ పెట్టినా మెల్లగా కదిలే రక్తాన్ని మెషీన్ కదలిక నాయిస్ అనుకుని తీసేస్తుంది, ఇప్పుడొచ్చిన మైక్రోవాస్క్యులర్ మోడ్‌లు ఆ ఫిల్టర్‌ని తెలివిగా వేసి స్టెమ్ విల్లస్ నాళాల దాకా (విల్లైలు అంటే మాయలో చెట్టు కొమ్మల్లా విడిపోయే భాగాలు, స్టెమ్ అంటే వాటిలో మొదటి పెద్ద కొమ్మలు) చూపిస్తాయి, ఈ కేస్‌లో మేం అది కూడా వాడాం, ఒక పక్కన కొమ్మలు పల్చగా ఉన్నట్టు అనిపించింది. అనిపించింది అంతే. క్యాపిల్లరీలు, అంటే అతి సన్న నాళాలు, మాత్రం ఏ ప్రోబ్‌కీ కనిపించవు.

29 వారాల్లో ఎంఆర్ఐ చేశాం. గర్భంలో గడోలినియం (ఎంఆర్ఐకి వాడే కాంట్రాస్ట్) ఇవ్వం కాబట్టి బయటి కాంట్రాస్ట్ లేకుండానే పని జరగాలి, అందుకు మంచి దారి టీ2 స్టార్ మ్యాపింగ్. ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్ అయస్కాంత క్షేత్రాన్ని చుట్టుపక్కల కొంచెం చెదరగొడుతుంది, దాంతో సిగ్నల్ త్వరగా పడిపోతుంది, టీ2 స్టార్ తగ్గుతుంది, అంటే ఆ విలువ తక్కువగా ఉన్న చోట ఆక్సిజన్ తక్కువగా ఉందని ఒక సూచన దొరుకుతుంది. 1.5 టెస్లా మెషీన్లో మామూలు మాయకి ఇది 24 వారాలప్పుడు 120 మిల్లీసెకన్ల దగ్గర ఉండి నెలలు నిండేసరికి 50 దాకా దిగుతుంది. మా కేస్‌లో 29 వారాలకే సగటు 40ల్లోకి వచ్చేసింది. సగటు కంటే నన్ను ఆపింది మ్యాప్ తీరు: మాయ అంతా ఒకేలా మసకబారలేదు, తాడు అతుక్కున్న అంచుకి దూరంగా ఉన్న భాగం బాగా నల్లగా ఉంది, మధ్యలో ఒక చోట మాత్రం దాదాపు నార్మల్‌గా వెలుగుతోంది. డాప్లర్ ఒక్క నంబర్‌లో దాచేసిన తేడా ఇక్కడ బొమ్మలా పరుచుకుంది. గర్భసంచి బిగుసుకున్నప్పుడు టీ2 స్టార్ కొంతసేపు పడిపోతుంది కాబట్టి కంట్రాక్షన్ లేదని చూసుకుని మళ్ళీ ఒక సీక్వెన్స్ తీశాం, తీరు మారలేదు.

30 వారాలకి బీపీ పెరిగింది, అంబిలికల్ ఆర్టరీలో ఫ్లో వెనక్కి తిరిగింది, సీటీజీలో (బిడ్డ గుండె కొట్టుకునే తీరు రాసే పరీక్ష) షార్ట్ టర్మ్ వేరియేషన్, అంటే ఆ వేగంలో ఉండాల్సిన చిన్న హెచ్చుతగ్గులు, పడిపోయింది. బిడ్డ ఊపిరితిత్తుల కోసం స్టెరాయిడ్లు అప్పటికే ఇచ్చి ఉన్నారు, బిడ్డ మెదడు రక్షణకి మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించి సిజేరియన్ చేశారు. బిడ్డ ఎన్‌ఐసీయూలో చాలా రోజులు ఉండి బరువు పెరిగి ఇంటికెళ్ళింది, ఆ మాట ముందే చెప్పేస్తున్నా, లేకపోతే చదివేవాళ్ళకి మిగతాది మీద మనసు ఉండదు.

మాయలోకి మందు ఎక్కించడం

మాయకి నరాలు ఉండవు. అయినా దాని నాళాలు ముడుచుకుంటాయి, ఆక్సిజన్ తగ్గితే ముడుచుకుంటాయి, చల్లబడితే ముడుచుకుంటాయి, తాకిడికి కూడా ముడుచుకుంటాయి. కొత్తగా ఈ పని మొదలుపెట్టేవాళ్ళకి నేను అన్నిటికంటే ముందు చెప్పేది ఇదే, ఎందుకంటే బయటికొచ్చిన మాయ చల్లారిపోతూ ఆక్సిజన్ లేకుండా ఉన్న మాయే కదా. అందుకే ఆపరేషన్ థియేటర్ బయటే వెచ్చటి సెలైన్‌తో రెడీగా ఉండాలి, అందులో హెపారిన్ (రక్తం గడ్డకట్టనివ్వని మందు), నాళాలు తెరుచుకునే మందు కలిపి ఉండాలి, బొడ్డుతాడుని మాయకి కాస్త దూరంగా బిడ్డ వైపు కోసి ఇవ్వమని డాక్టర్లతో ముందే మాట్లాడుకోవాలి. ఇంకో విషయం, పాథాలజీ వాళ్ళ హక్కు మన హక్కు కంటే ముందుంటుంది. వాళ్ళు 2014 ఆమ్‌స్టర్‌డామ్ వర్క్‌షాప్ పద్ధతిలో (మాయని పరీక్షించే తీరు మీద నిపుణుల ఒప్పందం) బ్లాకులు, అంటే పరీక్షకి కోసే ముక్కలు, తీసుకోవాలి, మనం సిలికోన్ నింపేసి పాడుచేశాం అన్న మాట రాకూడదు, అందుకని ఎక్కడెక్కడ బ్లాకులు తీస్తారో ముందే కూర్చుని ఒప్పుకున్నాం, తల్లిదండ్రులకి ఎంఆర్ఐకి ఒక కన్సెంట్, మాయకి వేరే కన్సెంట్.

తాడు, పొరలు కత్తిరించాక బరువు 190 గ్రాములు, 30 వారాలకి మామూలుగా 300 గ్రాముల అటూఇటూ ఉండాలి. తాడు అంచుకి దగ్గరగా అతుక్కుని ఉంది, మూడు నాళాలూ ఉన్నాయి. పైకి కనిపించే నాళాల్లో ఆర్టరీ ఏది వెయిన్ ఏది అన్నది తేల్చుకోవడం తేలికే, కోరియానిక్ ప్లేట్ (మాయకి బిడ్డ వైపు ముఖం) మీద రెండూ అడ్డంగా దాటుకునే చోట ఆర్టరీయే పైనుంచి వెళ్తుంది. స్కేలు పెట్టి రెండు వైపులా ఫోటోలు తీసి, దిక్కులు తెలిసేలా దారం కుట్లు వేశాం. ఈ కుట్లు లేకపోతే తర్వాత ఎంఆర్ఐతో పోల్చే పని జరగదు, ఎందుకంటే లోపల గర్భసంచి గోడకి వంపుగా, తల్లి రక్తంతో ఉబ్బి ఉన్న మాయ బయటికొచ్చాక ఆ రక్తం పోయి చదునుగా కూలబడుతుంది, రెండు ఆకారాలకీ పోలికే ఉండదు. తాడు అతుక్కున్న చోటు, పైన పెద్ద నాళాల దారి, ఈ రెండిటినే ఆనవాళ్ళుగా పెట్టుకుని ఒకదాని మీద ఒకటి పరచాలి.

రెండు అంబిలికల్ ఆర్టరీలు మాయ చేరే ముందు దాదాపు అందరిలోనూ ఒకదానితో ఒకటి కలుస్తాయి, హిర్టిల్ అనాస్టమోసిస్ అంటారు, అది ఉంటే ఒక్క ఆర్టరీలోంచి ఎక్కించినా రెండు వైపులా పోతుంది. సిద్ధాంతం అంతే, నేను మాత్రం రెండిటికీ క్యాన్యులా (మందు ఎక్కించే సన్న గొట్టం) పెడతాను, ఎందుకంటే ఆ కలిసే నాళం ఎంత సన్నగా ఉందో బయటినుంచి తెలియదు, అది సన్నగా ఉంటే రెండో సగానికి ప్రెషర్ తగ్గి కాలువ చివరి మడికి నీళ్ళు అందనట్టు అవుతుంది, ఆ మడి ఎండిపోతే తప్పు పొలానిది కాదు కదా.

వెయిన్‌లోంచి వచ్చే నీళ్ళు తేటగా అయ్యేదాకా కడిగి, ప్రెషర్ గేజ్ చూసుకుంటూ మైక్రోఫిల్ ఎక్కించాం. అది సీసం క్రోమేట్ ఉన్న సిలికోన్ రబ్బరు, గ్లవ్స్, గాలి ఆడే గది తప్పనిసరి. గట్టిపడే మందు కలిపాక చేతిలో ఉండేది సుమారు 20 నిమిషాలే, పూర్తిగా గడ్డకట్టడానికి గంటన్నర. ప్రెషర్ తక్కువైతే చివరిదాకా పోదు, ఎక్కువైతే చిన్న నాళాలు పగిలి మందు బయటికి కారి మబ్బులా పరుచుకుంటుంది, స్కాన్‌లో ఆ మబ్బు నాళాల గుత్తిలా కనిపించి మోసం చేస్తుంది. కింది వైపు, అంటే గర్భసంచికి అతుక్కునే వైపు, ఒక లోబ్యూల్ (మాయ విడివిడిగా కనిపించే భాగాల్లో ఒకటి) దగ్గర చిరుగు ఉంది, అక్కడ మందు కారుతుంటే క్లాంప్ పెట్టి ఆపాం, నోట్‌బుక్‌లో చోటుతో సహా రాసుకున్నాం. ఈ రాసుకోవడం ఎంత ముఖ్యమో కింద తెలుస్తుంది. వెయిన్‌లోకి పసుపు రంగు వస్తూనే ఆపి తాడు కట్టేసి, గట్టిపడ్డాక ఫార్మలిన్‌లో పెట్టాం.

స్కాన్, మూడు ఖాళీలు

ముందు మాయ మొత్తానికి సుమారు 100 మైక్రాన్ల వోక్సెల్‌తో (త్రీడీ బొమ్మలోని అతి చిన్న గడి) ఒక స్కాన్. నాళం వ్యాసం నమ్మకంగా కొలవాలంటే అడ్డంగా కనీసం మూడు వోక్సెల్‌లైనా పడాలి అని నా లెక్క, అంటే ఈ స్కాన్‌లో 300 మైక్రాన్ల కింద ఏం చెప్పినా అంచనాయే. ఈ మొదటి చూపులో కోరియానిక్ ప్లేట్ మీది పెద్ద ఆర్టరీలు, స్టెమ్ నాళాలు బాగానే నిండాయి, సన్నబడే తీరు కూడా మరీ వింతగా లేదు. కానీ చెట్టు మొత్తం మీద మూడు చోట్ల పెద్ద ఖాళీలు. ఒకటి చిరుగు దగ్గర, ఒకటి తాడుకి దూరంగా ఉన్న అంచు దగ్గర, ఒకటి మధ్యకి కాస్త పక్కన.

నాళాలు ఎక్కడ ఎలా ఆగిపోయాయో చూడడంతో మొదలుపెట్టాలి. మందు నడుమ గాలి బుడగ పడితే రెండు వైపులా గుండ్రటి కొసలు ఉంటాయి, మధ్యలో తెగి అవతల మళ్ళీ మొదలవుతుంది. నాళం బిగుసుకుంటే క్రమంగా దారంలా సన్నబడి మాయమవుతుంది. పాత రక్తం గడ్డ మిగిలిపోతే మందు దాని పక్కనుంచి సన్నగా జారినట్టు అంచులు కనిపిస్తాయి. ఇంకో గుర్తు ముర్రే సూత్రం, 1926 నాటిది: తల్లి నాళం వ్యాసార్ధం ఘనం, పిల్ల నాళాల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి దాదాపు సమానంగా ఉండాలి. మంచి లావు నాళం ఒకటి వచ్చి చివర రెండు వెంట్రుకల్లాంటి కొమ్మలతో ఆగిపోతే, అక్కడ ఇంకా పెద్ద కొమ్మ ఒకటి ఉండి ఉండాలి, మనకి నిండలేదు అని అనుమానించాలి. జబ్బున్న మాయలో ఈ లెక్క కచ్చితంగా నిలవాలని లేదు, అందుకే దీన్ని సాక్ష్యం అనను, ఎటు వెతకాలో చెప్పే గుర్తు అంటాను.

అసలు తీర్పు బ్లాకుల్లో. మూడు ఖాళీల్లోంచీ, బాగా నిండిన ఒక చోటినుంచీ చిన్న ముక్కలు కోసి 10 మైక్రాన్ల లోపు వోక్సెల్‌తో మళ్ళీ స్కాన్ చేశాం. తర్వాత అవే ముక్కల్ని అయోడిన్ ద్రావణంలో నానబెట్టి ఇంకోసారి. ఈ రెండో స్కాన్ విలువ చాలామందికి తెలియట్లేదు అనిపిస్తుంది. మైక్రోఫిల్ నిండిన నాళాన్ని మాత్రమే చూపిస్తుంది, అయోడిన్ కణజాలాన్ని పట్టుకుంటుంది కాబట్టి విల్లైలు నిండినా నిండకపోయినా కనిపిస్తాయి. రెండు స్కాన్లూ ఒకదాని మీద ఒకటి పెడితే విల్లై ఉండి మందు లేని చోటు ఏదో, విల్లైలే కూలిపోయిన చోటు ఏదో విడిపోతుంది. ఆ తర్వాత కోత వేసి సీడీ 34 మరక వేస్తే నాళం లోపలి పొర గోధుమ రంగులో తేలుతుంది, దాంతో విల్లై లోపల క్యాపిల్లరీ ఉందా లేదా అన్నది కూడా తెలిసిపోతుంది.

చిరుగు దగ్గర ఖాళీలో విల్లైలు నిండుగా ఉన్నాయి, వాటి నిండా సీడీ 34 ఉన్న క్యాపిల్లరీలు, లోపల మందు చుక్క లేదు. క్లాంప్ పెట్టిన చోటే అది, నోట్‌బుక్‌లో ఉన్న చోటే. అంటే ఇది జబ్బు కాదు, ఈ ఖాళీని లెక్కలోంచి తీసేయాలి. ఎంఆర్ఐలో కూడా ఆ భాగం దాదాపు నార్మల్‌గా వెలిగిన చోటుకి దగ్గర్లోనే పడింది, అది మాకు ధైర్యాన్నిచ్చింది.

మధ్యకి పక్కనున్నది ఇన్‌ఫార్క్ట్, అంటే రక్తం అందక చచ్చిపోయిన భాగం. అయోడిన్ స్కాన్‌లో విల్లైలు ఒకదానికొకటి అతుక్కుపోయి వాటి మధ్య సందే లేదు, కోతలో కణాలు చచ్చిన దయ్యాల్లా మిగిలాయి. తల్లి వైపు స్పైరల్ ఆర్టరీ (గర్భసంచి నుంచి మాయకి రక్తం తెచ్చే చిన్న నాళం) మూసుకుపోతే దాని మీద బతికే విల్లైలు ఇలాగే పోతాయి. ఆ ఆర్టరీలు గర్భం మొదట్లో ట్రోఫోబ్లాస్ట్ (మాయ) కణాల వల్ల కండరం పోగొట్టుకుని నోటి దగ్గర 2, 3 మిల్లీమీటర్ల దాకా వెడల్పు అవ్వాలి, అప్పుడే రక్తం నెమ్మదిగా, మెత్తగా వస్తుంది, అది సరిగ్గా జరగకపోతే అటు ప్రీఎక్లాంప్సియా (గర్భంలో బీపీ పెరిగే జబ్బు) ఇటు ఎఫ్‌జీఆర్ రెండిటికీ దారి పడుతుంది. పాథాలజీ రిపోర్ట్ కూడా మెటర్నల్ వాస్క్యులర్ మాల్‌పెర్ఫ్యూజన్ (తల్లి వైపు నుంచి రక్తం సరిగ్గా అందకపోవడం) అనే వచ్చింది.

దూరపు అంచు దగ్గరి ఖాళీయే ఈ కేస్‌లో అన్నిటికంటే విలువైనది. మొదటి స్కాన్‌లో అది పూర్తి ఖాళీ, దగ్గరి స్కాన్‌లో మాత్రం అసలు ఖాళీయే కాదు. మందు అక్కడిదాకా చేరింది, నాళాలు నిండాయి, కానీ అవి పొడుగ్గా, సన్నగా, కొమ్మలు వెయ్యకుండా పోతున్నాయి, చివర్లో మెలికలు తిరిగి ఉబ్బుగా ఉండాల్సిన టెర్మినల్ విల్లైల క్యాపిల్లరీ గుత్తులు చాలా తక్కువ. అయోడిన్ స్కాన్‌లో విల్లైలు కూడా అదే తీరు, సన్నగా, ఒంటరిగా, మధ్యలో సందు ఎక్కువగా. ఎండ్ డయాస్టోలిక్ ఫ్లో లేని ఎఫ్‌జీఆర్ మాయల్లో టెర్మినల్ విల్లైలు ఇలా పేదగా, తక్కువ మెలికలతో ఉంటాయని 1996లో క్రెబ్స్, కింగ్‌డమ్ బృందం క్యాస్ట్‌లతో (నాళాల్లో నింపి తీసిన అచ్చులు) చూపించింది, మేం చూసింది దానికి సరిగ్గా సరిపోయింది. రెసిస్టెన్స్ వ్యాసార్ధం నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది, పైగా పక్కపక్కన సమాంతరంగా ఉండే సన్న దారుల సంఖ్య తగ్గితే మొత్తం రెసిస్టెన్స్ పెరుగుతుంది, కాబట్టి పెద్ద నాళాలు చక్కగా కనిపిస్తున్నా బొడ్డుతాడు దగ్గర ఫ్లో ఎందుకు ఆగిందో ఈ ముక్క చూస్తే అర్థమవుతుంది. టీ2 స్టార్ మ్యాప్‌లో బాగా నల్లగా ఉన్నది కూడా ఈ అంచే. ఒక్క కేస్‌తో ఎంఆర్ఐకి ఇక్కడ నాళాల లోపం తెలిసిపోయిందని అనను, ఆక్సిజన్ తగ్గడానికి తల్లి వైపు రక్తం తక్కువ రావడమూ కారణమే కావొచ్చు, రెండూ కలిసే వస్తాయి చాలాసార్లు. కానీ చోటు కలిసింది, అది చిన్న విషయం కాదు.

పోల్చడం, రిపోర్ట్

దేనితో పోల్చాలి అన్నది ఈ రంగంలో ఇంకా పుండులా మిగిలిన ప్రశ్న. నెలలు నిండిన ఆరోగ్యమైన మాయలు ఎన్నయినా దొరుకుతాయి, వాటితో 30 వారాల మాయని పోలిస్తే నాళాలు తక్కువ ఉన్నట్టే వస్తుంది, ఎందుకంటే క్యాపిల్లరీల పెరుగుదల చివరి నెలల్లోనే ఎక్కువ. 30 వారాలకే పుట్టిన వేరే బిడ్డ మాయ తీసుకుంటే అది అంత తొందరగా పుట్టడానికి ఏదో కారణం ఉంటుంది కదా, చాలాసార్లు ఇన్‌ఫెక్షన్. మేం ఎదుగుదల సరిగ్గా ఉండి నొప్పులు ముందే వచ్చిన ఒక మాయని అదే పద్ధతిలో చేసి పక్కన పెట్టుకున్నాం, దాని పాథాలజీలో ఇన్‌ఫ్లమేషన్ ఉందని రిపోర్ట్‌లోనే రాశాం. ఒక మాయలోనే బాగున్న చోటుని బాగాలేని చోటుతో పోల్చడం నాకు ఇంకా నమ్మకంగా అనిపిస్తుంది, వయసు అదే, ప్రెషర్ అదే, తల్లి అదే.

రిపోర్ట్‌లో నాళాల వాల్యూమ్‌ని ఒక్క నంబర్‌గా ఇవ్వలేదు, రెండుగా ఇచ్చాం. ఖాళీలన్నీ నిజంగా నాళాలు లేని చోట్లే అనుకుంటే వచ్చేది కింది హద్దు, మందు చేరలేదని తేలిన భాగాన్ని మొత్తం కణజాలంలోంచి కూడా తీసేసి లెక్కిస్తే వచ్చేది పై హద్దు. రెండిటి మధ్య దూరం ఎక్కువగా ఉంటే ఆ మాయ ఇంజెక్షన్ బాగా పడలేదని చదివేవాళ్ళకే తెలిసిపోతుంది, ఎవరూ వివరించక్కర్లేదు. ఈ కేస్‌లో పై హద్దు తీసుకున్నా దూరపు అంచు దగ్గర లోపం అలాగే నిలబడింది, దాని మీదే మేం నిర్ణయానికి వచ్చాం.

తల్లిదండ్రులతో కూర్చున్నప్పుడు ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న, "నేను ఏమైనా తినకపోవడం వల్లా డాక్టర్ గారూ, ఎక్కువ తిరగడం వల్లా?" అని. కాదమ్మా, ఇదంతా మీకు గర్భం అని తెలిసే సరికే మొదలైపోయి ఉంటుంది, స్పైరల్ ఆర్టరీలు మారాల్సిన వారాలవి, మీ చేతిలో ఉన్నది కాదు అని స్క్రీన్ మీద ఆ అంచు చూపించి చెప్పాం. బొమ్మ చూపించి చెప్తే నమ్మకం వేరుగా ఉంటుంది, ఆవిడ చాలాసేపు చూశారు. తర్వాతి గర్భంలో 16 వారాల లోపే ఆస్పిరిన్ మొదలుపెట్టడం గురించి, తొందరగా యుటిరైన్ డాప్లర్ చేయించుకోవడం గురించి వాళ్ళ డాక్టర్ విడిగా మాట్లాడారు.

బ్లాకులు పారాఫిన్‌లో భద్రంగా ఉన్నాయి, స్కాన్లన్నీ, ప్రెషర్ రీడింగ్‌లూ, చిరుగు చోటు గుర్తించిన ఫోటోలూ ఒకే ఫోల్డర్‌లో పెట్టాం, ఇంకో టీమ్ ఎవరైనా మా ఖాళీల విభజన తప్పంటే అదే డేటాతో మళ్ళీ లెక్కేసి చూడొచ్చు. ఇప్పుడు ప్రతి మాయకీ ఎక్కించిన వెంటనే, ఇంకా గట్టిపడకముందే, ఒక తొందర ఎక్స్‌రే తీస్తున్నాం, పెద్ద ఖాళీ కనిపిస్తే ఆ 20 నిమిషాల్లోనే రెండో క్యాన్యులా నుంచి మళ్ళీ ప్రయత్నించే అవకాశం ఉంటుంది.